కొట్టుకు యజమానులు కొనేవారే



ఉప్పు, పప్పు, నూనె, సబ్బు లేనిదే ఏ ఇల్లూ గడవదు. జనగామ పల్లెల్లోనైనా, మహబూబాబాద్ తండాల్లోనైనా, భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల ఇళ్లలోనైనా ఇదే మాట. చేతిలో డబ్బు లేనప్పుడు ఉద్దెర తెచ్చుకుంటాం. పత్తి అమ్మిన తర్వాతో, జీతం అందిన తర్వాతో తీరుస్తాం. కొట్టు నడిపేవారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వారి ఇల్లూ గడవాలి కదా! కాని ఆ కొట్టుకు కొనేవారే యజమానులైతే ఎలా ఉంటుందో మీరెప్పుడైనా ఆలోచించారా? అలా ఆలోచించి, ఒక ఊరి ప్రజలకు దారి చూపిన కతోలిక గురువు జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు హోసే మరియా అరిస్మెందియరియెతా. సహకారోద్యమ చరిత్ర చదివినవారికి బాగా తెలిసిన పేరు అది.

ఆయన 1915 ఏప్రిల్ 22న స్పెయిన్ దేశపు ఉత్తర భాగాన, బాస్క్ ప్రాంతంలోని మార్కీనా దగ్గర ఒక రైతు కుటుంబంలో జన్మించారు. నలుగురు పిల్లల్లో పెద్దవాడు. మూడేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. పన్నెండేళ్లకు గురువిద్యాలయంలో చేరారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. ఆయన బాస్క్ భాషా పత్రికలో పనిచేశారు. 1937లో గెలిచిన పక్షంవారు ఆయనను పట్టుకుని నెలరోజుల పాటు చెరసాలలో ఉంచారు. ఆ రోజుల్లో ఖైదీలలో ఎందరినో కాల్చి చంపారు. ఈయన ప్రాణాలతో బయటపడి, చదువు ముగించి, 1940 డిసెంబరులో గురువుగా అభిషిక్తులయ్యారు.

బెల్జియం దేశంలోని లూవేన్ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చదవాలని ఆయన కోరిక. పీఠాధిపతులు మాత్రం మోంద్రగోన్ అనే చిన్న పట్టణానికి సహాయ విచారణ గురువుగా పంపారు. 1941 ఫిబ్రవరి 5న ఆయన అక్కడ అడుగుపెట్టారు. ఊరి జనాభా తొమ్మిదివేలకు లోపే. యుద్ధం మిగిల్చిన గాయాలు మానలేదు. తిండి సరుకులకు రేషను. ఊరికంతటికీ పెద్ద ఆధారం ఒకే ఒక కర్మాగారం. అందులోని శిక్షణ బడిలో కార్మికుల పిల్లల్లో కొద్దిమందికే చోటు దొరికేది.

ఈ కొత్త గురువుగారి ప్రసంగాలు మొదట్లో ఎవరికీ నచ్చలేదు. గొంతులో హెచ్చుతగ్గులు లేకుండా చదువుకుపోయేవారట. కాని యువకులను కూర్చోబెట్టుకుని మాట్లాడటంలో ఆయన దిట్ట. 1891లో 13వ లియో పోపుగారు, 1931లో 11వ పయస్ పోపుగారు శ్రామికుల గురించి రాసిన విశ్వలేఖలను వారికి బోధించేవారు. తరువాత ఊరందరికీ ఒక సాంకేతిక పాఠశాల పెట్టాలనుకున్నారు. వీధి మూలల్లో పెట్టెలు ఉంచి, సాయం చేయగలిగినవారు తమ పేరు, ఇవ్వగలిగింది కాగితంపై రాసి వేయమన్నారు. సుమారు 600 కాగితాలు వచ్చాయి. 1943లో ఇరవైమంది పిల్లలతో పాఠశాల తెరుచుకుంది. ఇచ్చినవారికి దాన్ని నడపడంలో మాట ఉండేది. ఇక్కడే ఆయన ఆలోచన మీకు అర్థమవుతుంది. దానం అడగలేదు, భాగస్వాములను అడిగారు.

ఆ బడిలో చదివి ఇంజనీర్లైన ఐదుగురు యువకులు ఊరివారి పొదుపు సొమ్ము కూడగట్టి, 1956లో మోంద్రగోన్‌లో ఉల్గోర్ అనే చిన్న కర్మాగారం పెట్టారు. కిరసనాయిలు స్టవ్వులు తయారుచేసేవారు. పనిచేసేవారే దానికి యజమానులు. అదే కాలంలో పునీత జోజప్పగారి పేరుతో ఊరిలో ఒక సరుకుల సహకార కొట్టు కూడా ఉండేది. 1959లో గురువుగారి పట్టుదలతో సహకార బ్యాంకు ఏర్పడినప్పుడు సంతకాలు చేసిన నాలుగు సంఘాల్లో ఈ కొట్టు ఒకటి. ఉప్పూ పప్పూ అమ్మే సంఘం కర్మాగారాలతో సమానంగా కూర్చుని బ్యాంకు పెట్టిందన్నమాట!

ఇలాంటి కొట్లు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నాయి. కాని ఎవరికి వారు కొద్దికొద్దిగా సరుకు కొంటే టోకు ధర దొరకదు. అందుకే 1969లో అనేక చిన్న సంఘాలు కలిసి ఒక్కటయ్యాయి. దాని పేరు ఎరోస్కి. బాస్క్ భాషలో కొనుగోలు చేసే చోటు అనే అర్థంలో పెట్టిన పేరు. అందులో రెండు రకాల సభ్యులు: కొనేవారు, పనిచేసేవారు. పాలకసభలో ఇద్దరికీ సరిసమానంగా స్థానాలు. మిగులు సొమ్మును కొనేవారికి పంచిపెట్టరు. ధరలు తగ్గించడానికి, సరుకుల మంచిచెడులు జనానికి తెలియజెప్పడానికి వాడతారు.

కొనేవారే కొట్టు పెట్టుకోవడం ఆయన కనిపెట్టింది కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కార్మికులు చందాలు వేసుకుని, పిండి, వెన్న, పంచదార వంటి సరుకులతో ఒక కొట్టు తెరిచారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, అప్పు లేని బేరం, వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు అన్నవి వారి నియమాలు. హోసే మరియా గురువుగారు చేసిందేమిటంటే, కొట్టు కంటే ముందు మనుషులను సిద్ధం చేయడం. పాఠశాలకూ మొదటి కర్మాగారానికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి. ఆ కాలమంతా ఆయన చదువు చెప్పించారు, లెక్కలు నేర్పించారు, పదిమందిలో కూర్చుని వాదించుకోవడం అలవాటు చేశారు.

ఆయన ఏ సంఘంలోనూ పదవి తీసుకోలేదు. సలహాదారుగా మాత్రమే ఉండి, విచారణలో సహాయ గురువుగానే మిగిలారు. సైకిలు మీద తిరిగేవారు. గుండెజబ్బుతో బాధపడి 1976 నవంబరు 29న, 61వ ఏట ప్రభువును చేరుకున్నారు. 2015 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను పూజనీయులుగా ప్రకటించారు.

ఆ తర్వాత కథ కూడా మీకు చెప్పాలి. ఉల్గోర్ నుంచి ఎదిగిన పెద్ద సంస్థ 2013లో దివాలా తీసింది. పొదుపు సొమ్ము పెట్టిన సభ్యులు నష్టపోయారు. వారిలో చాలామందికి తోటి సహకార సంఘాలు పని చూపించాయి. ఎరోస్కి కూడా 2007లో మరో దుకాణాల సంస్థను కొని, అప్పులపాలై, ఎన్నో దుకాణాలు అమ్ముకోవలసి వచ్చింది. సహకారం అన్న పేరు ఉన్నంత మాత్రాన లెక్క తప్పితే సంఘం నిలవదు. సభ్యులు సభకు రాకపోతే, పద్దులు అడగకపోతే, ఆ సంఘం పేరుకే తమది అవుతుంది.

ఇది పరాయి దేశపు సంగతి కదా అనుకుంటున్నారా? ఉల్గోర్ పుట్టిన 1956లోనే మన పొరుగున, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు రైతులను కూడగట్టి సహకార సంఘం ప్రారంభించారు. అప్పు, ఎరువులు, విత్తనాలు, పంట అమ్మకం అన్నీ రైతుల సొంత సంఘం ద్వారానే సాగాయి. తరువాత అక్కడి మహిళలు తమ పాల సహకార సంఘం నిర్మించుకున్నారు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకోవడానికి 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కూడా వచ్చింది.

మరి మన విచారణల్లో? రేపే కొట్టు తెరవమని నేను అనను. గురువుగారి దారి అది కాదు. ముందు పది కుటుంబాలు కలవండి. మూడు నెలల పాటు ఏ సరుకు, ఎంత ధరకు, ఎంత ఉద్దెరకు కొన్నారో ఒక పుస్తకంలో రాయండి. నెలకొకసారి కూర్చుని ఆ లెక్క అందరి ముందూ చదవండి. ఇంటి సరుకుల సంగతి తల్లులకే బాగా తెలుసు గనుక వారిని ముందు కూర్చోబెట్టండి. ఆ పుస్తకం మూడు నెలలు సక్రమంగా నడిస్తే, బియ్యం, నూనె కలిసి టోకున తెచ్చుకోవడం మీకు కష్టం కాదు. అది కూడా నడవకపోతే కొట్టు జోలికి పోకపోవడమే మేలు.

దివ్యబలిపూజలో ఒకే రొట్టెను పంచుకునే మనం, ఇంటికి తెచ్చుకునే బియ్యం దగ్గర ఎవరికి వారమే ఎందుకవుతున్నాం? ఈ వారం మీ ఇంట్లో ఈ ప్రశ్న గురించి మాట్లాడుకోండి.