కూలి చేతుల సంగీతం – మార్కోస్ వాంవకారిస్

గ్రీసు దేశం పేరు వినగానే మనకు సోక్రటీసు, అలెగ్జాండరు, ఒలింపిక్ క్రీడలు గుర్తుకు వస్తాయి. అదే దేశంలో కూలి పని చేస్తూ సంగీతం నేర్చుకొని, పేదవారి పాటకు గౌరవం తెచ్చిన కళాకారుడు మార్కోస్ వాంవకారిస్.

ఆయన 1905 మే 10న సీరోస్ ద్వీపంలోని ఆనో సీరోస్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి తోలుతిత్తితో చేసిన వాద్యాన్ని ఊదుతుంటే, చిన్నారి మార్కోస్ పక్కన డోలు వాయించేవాడు. ఇల్లు గడవక చదువు మధ్యలోనే ఆగిపోయింది. పన్నెండేళ్ల వయసులో పిరేయస్ రేవుకు చేరి, ఓడల నుండి బొగ్గు దించారు. తరువాత కబేళాలో పని చేశారు.

1922లో టర్కీతో జరిగిన యుద్ధంలో గ్రీసు ఓడిపోయింది. లక్షలాది శరణార్థులు గ్రీసుకు తరలివచ్చారు. చాలామంది పిరేయస్ పేటలలో స్థిరపడ్డారు. వారు తెచ్చిన రాగాలు, రేవు కూలీల పాటలు కలిసి రెబెటికో సంగీతం పెరిగింది.

ఒకరోజు మార్కోస్ ఒక కళాకారుడు బుజూకి వాయించగా విన్నారు. అది పొడవాటి మెడ, మూడు జతల తీగలు గల వాద్యం. దానిని నేర్చుకోలేకపోతే మాంసం కొట్టే కత్తితో చేయి నరుక్కుంటానని శపథం చేశారు. కొద్ది నెలలలోనే నేర్చుకున్నారు. ఆ రోజులలో బుజూకి అంటే జైళ్లలో, మత్తుమందు పీల్చే చోట్ల మోగే వాద్యమని పెద్దమనుషులు చిన్నచూపు చూసేవారు.

మార్కోస్ వెనుకాడలేదు. 1934లో ముగ్గురు మిత్రులతో కలిసి పిరేయస్ చతుష్టయం అనే బృందం ఏర్పరచారు. 1935లో తన ద్వీపానికి చెందిన అమ్మాయిపై కట్టిన ‘ఫ్రాంగోసిరియానీ’ పాటను గ్రీకులు నేటికీ పాడుకుంటారు. 1936లో అధికారానికి వచ్చిన నియంత మెటాక్సాస్ ప్రభుత్వం పాటలపై ఆంక్షలు పెట్టింది. మార్కోస్ సాహిత్యం మార్చుకొని పాడటం కొనసాగించారు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ప్రజల అభిరుచి మారింది. కీళ్లవాతంతో ఆయన వేళ్లు బిగుసుకుపోయాయి. రికార్డు కంపెనీలు మరచిపోయాయి. పూటకూళ్ల ఇళ్లలో వాయించి, పళ్లెంలో పడిన చిల్లరతో పిల్లలను పోషించారు. 1960 ప్రాంతంలో గాయకుడు బిథికోత్సిస్ ఆయన పాటలను మళ్లీ రికార్డు చేయడంతో కొత్త తరం ఆయనను గుర్తించింది.

1972 ఫిబ్రవరి 8న ఆయన మరణించారు. ఒకప్పుడు అందరూ ఈసడించిన రెబెటికోను 2017లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. బొగ్గు మోసిన ఆ చేతులే ఒక జాతికి సంగీతాన్ని ఇచ్చాయి. మన చుట్టూ కష్టజీవులు పాడుకునే పాటలను కూడా మనం శ్రద్ధగా విందాం.