యలవర్తి నాయుడమ్మ – శాస్త్రాభినివేశం

శాస్త్రజ్ఞుల చరిత్రలు తరచు బాల్యకుతూహలంతో ఆరంభమవుతాయి. డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారి చరిత్రకు ఆ పద్ధతి అంతగా పొసగదు. ఆయన విషయంలో వృత్తి ముందు లభించి, దానిపై మమకారం ఆ వృత్తిలోనుండే పుట్టినదని నా అభిప్రాయం.

నాయుడమ్మగారు 1922 సెప్టెంబరు 10న నాటి గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని యలవర్రులో కర్షక కుటుంబంలో జన్మించారు. (స్త్రీనామంగా ఇతర ప్రాంతాలవారిని భ్రమింపజేసే ఈ పేరు ఆ సీమలో పురుషులకు పరిచితమైనదే. పలనాటి బ్రహ్మనాయుని, ఆయన చాపకూటిని ఈ పేరు స్మరింపజేస్తుంది.) గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను చదివిన పిమ్మట మద్రాసులో తోళ్ల పదును విద్యను అభ్యసించారు.

ఈ ఎన్నిక సామాన్యమైనది కాదు. మోటబావి తొండం, చెర్నాకోల, చెప్పులు, ఇవి లేనిదే నాటి రైతుకు వ్యవసాయం సాగదు. వాటిని చేసిన చేతులను మాత్రం ఊరు వెలుపలనే ఉంచింది. రైతుబిడ్డ ఒకడు ఆ పనినే విద్యగా స్వీకరించడంలోని సాహసాన్ని ఆయన జీవితచరిత్రకారులు ఇంకా విపులంగా వివరించవలసి ఉన్నది.

పచ్చితోలు కుళ్లిపోతుంది. తంగేడు చెక్కలోను, కరక్కాయలోను ఉండే కషాయద్రవ్యం తోలులోని మాంసకృత్తును పట్టుకొని దానిని చెడకుండా నిలుపుతుంది. పలనాటి బీళ్లలోను, ఒంగోలు మెట్టలలోను విరివిగా పూచే ఆ తంగేడు గుణాన్ని మాదిగ పనివారు తరతరాలుగా ఎరుగుదురు. అది ఎట్లు జరుగుతుందన్న ప్రశ్న రసాయనశాస్త్రజ్ఞునిది. చేతిపనివాని అనుభవంలో దాగిన ఇట్టి ప్రశ్నలే నాయుడమ్మగారిని పరిశోధకునిగా నిలిపాయని చెప్పవచ్చు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన తరువాత ఆయన తిరిగి మద్రాసు తోళ్లవారి మధ్యకే వచ్చారు.

అడయారులో 1948లో శంకుస్థాపన జరిగిన కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు ఆయన సంచాలకులు. పరిశోధకుడు, విద్యార్థి, తోళ్ల వ్యాపారి ఒకేచోట కలిసి పనిచేయాలన్నది ఆయన పట్టుదల. ప్రయోగశాలలో తేలిన విషయం పదునుతొట్టి వరకు చేరకపోతే అది ఆయన దృష్టిలో అసంపూర్ణమే. పచ్చితోళ్లను, సగం పదునైన తోళ్లను ఎగుమతి చేస్తూ వచ్చిన దేశం పూర్తిగా తయారైన తోలువస్తువులవైపు మళ్లడంలో ఈ సంస్థ పాత్ర గణనీయమైనది.

1971 నుండి 1977 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి మహాసంచాలకులుగా ఉన్న కాలంలో కరీంనగర్ జిల్లా గ్రామాలకు శాస్త్రజ్ఞులను పంపి, స్థానిక వనరులతో అభివృద్ధికి ప్రయత్నించారు. తోళ్ల తొట్టివద్ద నేర్చిన పాఠమే ఇక్కడ విస్తరించింది. 1981–82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్నారు.

1985 జూన్ 23న కెనడానుండి వస్తున్న ‘కనిష్క’ విమానం ఐర్లండు తీరసమీపంలో పేలిపోయి మరణించిన 329 మందిలో ఆయన ఒకరు. అప్పటికి ఆయన వయస్సు 62 సంవత్సరాలు.