సురవరం కాగితాల్లోకి రానివారు

తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు సురవరం ప్రతాపరెడ్డి కాగితాలతో జవాబు చెప్పారు. ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆ శ్రమను మనమంతా కొనియాడుతూనే ఉన్నాం. నేను అడగదలచింది మరొకటి. పత్రికకు పద్యం రాసి పంపలేనివారి మాటేమిటి?

ఆయనను తక్కువ చేయడానికి అడుగుతున్న ప్రశ్న కాదిది. పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన రెడ్డి కుటుంబంలో 1896లో ఆయన జన్మించారు. న్యాయశాస్త్రం చదివారు. హైదరాబాదులో కులం పేరిట వెలసిన రెడ్డి హాస్టలు బాధ్యతలు చూశారు. 1926 మే 10న గోలకొండ పత్రికను ఆరంభించారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. చదువు, అచ్చుయంత్రం, సభావేదిక ఆనాడు ఏయే కులాలకు అందేవో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అప్పుకింద భగేలాగా కుదిరిన జీతగాడి పేరు కాగితానికెక్కితే, చాలావరకు అది దొర పెట్టెలోని అప్పుపత్రం మీదనే.

అయినా ఈ సంపాదకుడే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధాలను పక్కకు జరిపారు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను తవ్వి జనం తిండి, బట్ట, ఆటలు, చేతివృత్తులు వెలికి తీశారు. తెలుగులో అంతకుముందు చరిత్ర పేరుతో వచ్చిన గ్రంథాల పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత పెద్ద మలుపో తెలుస్తుంది. చాకలి, సాలె, కుమ్మరి చరిత్రలోకి నడిచివచ్చారు. కాని వారిని తీసుకువచ్చిన సాక్షి కవి. ఆ కవి అగ్రహారపు అరుగు మీదనుంచో, రాజాస్థానం నుంచో చూశాడు. పనిముట్టు పేరు పద్యంలో నిలిచింది; దాన్ని పట్టిన మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాట నిలవలేదు. సురవరం పద్ధతికి నేను చూసే హద్దు ఇదే. దొరికిన ఆధారాలతోనే ఆయన రాశారు, నిజమే. ఆ ఆధారాలు ఎవరి ఇళ్లలో దొరికాయన్నదే కులప్రశ్న.

1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన ఆయన మరుసటి ఏడు ఆగస్టు 25న కన్నుమూశారు. ఆ గ్రంథానికి 1955లో, మరణానంతరం, సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.

ఆయన జిల్లా నుంచే పాలమూరు లేబరు దూరప్రాంతాలకు వెళ్లి ఆనకట్టలు కట్టింది, కాలువలు తవ్వింది. ఏ కులంవాడు ఎంత అడ్వాన్సుకు ఎన్ని నెలలు కట్టుబడ్డాడో గుంపు మేస్త్రీల చిట్టాపుస్తకాల్లో ఉంటుంది. అవి చెదలు పట్టకముందే విశ్వవిద్యాలయాల చరిత్రశాఖలు ఆ ఊళ్లకు వెళ్లాలి. చిట్టాలతోపాటు, వాటిలో పేరున్నవారిని కూర్చోబెట్టి వారి మాటలూ రాసుకోవాలి.