వాటంలేని కాలు

మా ఊళ్లో వరికోతలయ్యాక ఎండిన మళ్లలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. నాకు కుడికాలే వాటం. ఎడమకాలితో తంతే బంతి గట్టు దాటి పోయేది, అందరూ నవ్వేవాళ్లు. కాలేజీకొచ్చాక రహీం సాబ్ జీవితం తెలుసుకున్నాను. లోపం కాలిలో లేదు, అలవాటులో ఉందని అప్పుడర్థమైంది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. వృత్తికి బడిపంతులు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పనిచేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీలే వేరు. ఒకదాంట్లో బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకొని పరుగెత్తకూడదు, తోటివాడికి అందించాలి. ఇంకోదాంట్లో వాటంలేని కాలితోనే ఆడాలి.

ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాది జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు ఆ తర్వాత ఇంతవరకు దక్కలేదు.

పంట బాగా పండితే మా నాన్న ముందుగా నారుమడినే మెచ్చుకుంటాడు. మనం కప్పులు లెక్కపెట్టుకున్నాం గాని, నారు పోసిన చేతిని మరిచాం. ఈ సెలవుల్లో మా ఊరి పిల్లలకు ఎడమకాలి పోటీ పెడతాను. నేనూ ఆడతాను, నవ్వేవాళ్లు నవ్వనీ.