పార్టీ పెద్దలు నిలబెట్టినా ఓడిన అనంత నేత.. నీలం సంజీవరెడ్డి కథ ఇదీ

పెద్దలు పేరు ఖరారు చేస్తే గెలుపు ఖాయమేనా? కంబదూరు ఉన్న కరువు జిల్లా అనంతపురంలోనే పుట్టిన నీలం సంజీవరెడ్డికి ఆ సంగతి బాగా తెలుసు. 1913లో ఇల్లూరులో పుట్టిన ఆయన 1952లో కాంగ్రెస్ అభ్యర్థిగా అనంతపురంలో ఓడారు. ఓడించింది సొంత బావమరిది, కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. అయినా 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

అసలు దెబ్బ 1969లో. రాష్ట్రపతి అభ్యర్థిగా ఇందిరాగాంధీ కోరుకున్నది జగ్జీవన్‌రామ్‌ను. బెంగళూరులో పార్లమెంటరీ బోర్డు మాత్రం సంజీవరెడ్డి పేరే తేల్చేసింది. స్పీకర్ పదవి వదులుకుని ఆయన బరిలోకి దిగారు. నామినేషన్ పత్రంపై సంతకం పెట్టింది కూడా ఇందిరే! తీరా పోలింగ్ ముందు అంతరాత్మ చెప్పినట్టు ఓటేయమన్నారు. అంతే.. కాంగ్రెస్ ఎంపీలు, ఎమ్మెల్యేలు చీలిపోయారు. ఇండిపెండెంట్ వి.వి.గిరి 14,650 ఓట్ల తేడాతో గట్టెక్కారు. పోటీపడ్డ ఇద్దరూ తెలుగువాళ్లే కావడం విచిత్రం. ఆ నవంబరులో పార్టీయే రెండు ముక్కలైంది.

1971లో సొంత జిల్లా హిందూపురం ఓటర్లూ కాదన్నారు. సంజీవరెడ్డి రాజకీయాలు పక్కనపెట్టి సేద్యం చూసుకున్నారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల. జనతా తరఫున అక్కడ గెలిచింది ఆయనే. అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు, ఈసారి పోటీయే లేకుండా.