పునీత జార్జిగారు – ఘటసర్పం



గుర్రంపై కూర్చుని బల్లెంతో ఘటసర్పాన్ని పొడుస్తున్న వీరుని పటం మీరు చూచే ఉంటారు. ఆయనే పునీత జార్జిగారు. స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ 1908లో వెలువరించిన గ్రంథంలో బాలురకు ఆయననే పాలక పునీతునిగా చూపించాడు. 1929లో జర్మనీలోని కతోలిక స్కౌట్లు తమ సంఘానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

పటంలోని కథ ఇది. లిబియా దేశంలో సిలీనా అనే పట్టణం. ఊరి చెరువులోని ఘటసర్పానికి ప్రజలు దినానికి రెండు గొర్రెలను వేసేవారు. గొర్రెలు తరిగిపోగా చీట్లు వేసి బిడ్డలనే పంపసాగారు. ఒకనాడు రాజుగారి కుమార్తె వంతు వచ్చింది. ఆ దారిన పోతున్న జార్జిగారు సిలువ గుర్తు వేసుకుని సర్పాన్ని గాయపరచి, రాకుమార్తె నడికట్టుతో కట్టి ఊరిలోకి తెచ్చారు. ప్రజలు జ్ఞానస్నానం పొందిన పిమ్మట దానిని సంహరించారు. రాజు ఇచ్చిన ధనాన్ని ముట్టక, పేదలకు పంచమన్నారు. 13వ శతాబ్దంలో డొమినికన్ గురువు ఒకరు కూర్చిన పునీతుల కథల గ్రంథం వలన ఈ కథ ఐరోపా అంతటా వ్యాపించింది.

మీ పిల్లలు అడగవచ్చు: ఇది నిజంగా జరిగిందా? లేకుంటే ఆ చిహ్నం ఎందుకు? దాచకుండా చెప్పండి. ఘటసర్పం కథ ఆయన మరణించిన అనేక శతాబ్దాల తరువాత చేరినది. కాని జార్జిగారు కల్పితం కారు. డయొక్లేషియన్ చక్రవర్తి 303లో ఆరంభించిన వేదహింసల కాలంలో ఆయన వేదసాక్షి మరణం పొందారని శ్రీసభ సంప్రదాయం. ఆయన సైనికుడనీ, శిరచ్ఛేదం పొందారనీ చెబుతారు. పాలస్తీనాలోని లిద్దాలో ఆయన సమాధిని విశ్వాసులు తొలి శతాబ్దాల నుండే గౌరవిస్తూ వచ్చారు. పేతురుగారు ఐనెయాను స్వస్థపరచిన ఊరు అదే. 1969లో పంచాంగాన్ని సవరించినపుడు ఆయనను తొలగించారని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఏప్రిల్ 23న ఆయన స్మరణ ఐచ్ఛికంగా నిలిచే ఉంది.

ప్రియులారా, ఒక్క సంగతి గమనించండి. పటంలో ఆయన చంపుతున్నారు. శ్రీసభ మాత్రం చంపినందుకు కాదు, క్రీస్తును విడువక చంపబడినందుకు ఆయనను పునీతునిగా గౌరవిస్తున్నది. బల్లెం పట్టడం కంటే అది కష్టం. కట్నం వద్దనే యువకుడూ, తోటివారు నవ్వినా మద్యం ముట్టనివాడూ, పరీక్షలో కాపీ కొట్టని విద్యార్థినీ ఆ చిహ్నానికి తగినవారు. ఈ కథను మీ బిడ్డలకు చెప్పండి, చివరి వరకు చెప్పండి.

పునీత జార్జిగారా, మా యువజనుల కొరకు ప్రార్థించండి.