పొగాకు గుట్టు విప్పి, అదే వ్యాధికి బలైన శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రాహం

1933 ఏప్రిల్ 5. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం, బార్న్స్ ఆసుపత్రి. శస్త్రచికిత్స బల్లపై ఉన్న రోగి కూడా వైద్యుడే. పిట్స్‌బర్గ్‌లో కాన్పులు చేసే 48 ఏళ్ల ఆయనకు ఎడమ ఊపిరితిత్తి పై తమ్మెలో క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. ఆ ఒక్క తమ్మెను తొలగించాలన్నది డాక్టర్ ఎవార్ట్స్ గ్రాహం ఉద్దేశం. ఛాతీ తెరిచాక ఆ అంచనా తప్పింది. కింది తమ్మెకు వెళ్లే శ్వాసనాళానికి ఆనుకొని కణితి ఉంది. పై భాగం మాత్రమే తీస్తే వ్యాధి మిగిలిపోతుంది. గ్రాహం ఆ ఊపిరితిత్తికి రక్తం చేరవేసే ధమనిని కాసేపు బిగించి చూశారు. రోగి తట్టుకున్నారు. అంతే, ఎడమ ఊపిరితిత్తి మొత్తాన్నీ ఒకే విడతలో తొలగించారు. ఛాతీలో మిగిలిన ఖాళీ పూడేందుకు కొన్ని పక్కటెముకలనూ తీసివేశారు. క్యాన్సర్‌కు ఇలా చికిత్స జరిగి రోగి బతికి బయటపడటం అదే తొలిసారి. ఆయన కోలుకొని మళ్లీ వృత్తిలో చేరారు.

గ్రాహం 1883లో షికాగోలో జన్మించారు. తండ్రి కూడా శస్త్రవైద్యుడే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక శిబిరాల్లో న్యుమోనియా సోకినవారి ఛాతీలో చీము చేరి, అనేకులు మరణించేవారు. వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడే ఛాతీని తెరవడం వల్ల గాలి చొరబడి ప్రాణం మీదికి వస్తోందని గ్రాహం గుర్తించారు. ఆ పద్ధతి మార్చాక మరణాలు బాగా తగ్గాయి. 1919లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స విభాగాధిపతి అయ్యారు. పిత్తాశయాన్ని ఎక్స్‌రేలో చూపే విధానాన్ని 1924లో వారెన్ కోల్‌తో కలిసి వెలుగులోకి తెచ్చారు.

ఆయన తొలుత చేయదలచిన పరిమిత చికిత్స వైపే వైద్యశాస్త్రం క్రమంగా మళ్లింది. ఊపిరితిత్తి అంచున రెండు సెంటీమీటర్లకు మించని, శోషరస గ్రంథులకు పాకని కణితి ఉంటే, తమ్మెలో ఒక ఖండాన్ని తీసినా చాలని 2022, 2023లలో వెలువడిన జపాన్, అమెరికా అధ్యయనాలు చూపాయి. సీటీ స్కాన్ లేని గ్రాహం రోజుల్లో అంత చిన్న కణితి కంటపడటమే అరుదు.

గ్రాహం స్వయంగా విపరీతంగా పొగ తాగేవారు. సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం ఉందంటే చాలాకాలం నమ్మలేదు. ఎర్నెస్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి ఆ విషయం పరిశోధిస్తానని వచ్చినప్పుడు, అపనమ్మకంతోనే అయినా అడ్డు చెప్పలేదు. అది ఆయన పెద్దరికం. 684 మంది రోగుల వివరాలతో వారిద్దరి వ్యాసం 1950లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. తన అభిప్రాయం తప్పని తన లెక్కలే తేల్చడంతో గ్రాహం సిగరెట్టు మానేశారు.

అప్పటికే ఆలస్యమైంది. 1957 ఆరంభంలో తీసిన ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులకూ క్యాన్సర్ పాకినట్లు కనిపించింది. శస్త్రచికిత్సకు వీలులేని దశ అది. ఆ ఏడాది మార్చి 4న గ్రాహం కన్నుమూశారు. 1933లో ఆయన చేతుల మీదుగా బతికిన పిట్స్‌బర్గ్ వైద్యుడు, ఒకే ఊపిరితిత్తితో, 1963 వరకు జీవించారు.